దత్తమండలాల మన్రో

ఊరిలో దొంగతనం జరిగితే ఎవరిని పట్టుకోవాలి? పట్టుకొనే అధికారం ఎవరి చేతిలో ఉండాలి? నిరపరాధి అయిన పేదవాడు ఆ అధికారానికి బలికాకుండా చూడడం ఎట్లా? ఈ ప్రశ్నలతో జీవితంలో అధికభాగం పెనగులాడిన పాలకుడు సర్ థామస్ మన్రో.

ఆయన 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాతో వ్యాపారం చేసే వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వల్ల ఆ వ్యాపారం దెబ్బతిన్నది. చదువు ముగించిన మన్రో ఈస్టిండియా కంపెనీ సేనలో చేరి 1780లో మద్రాసులో అడుగుపెట్టాడు. హైదరాలీతో జరిగిన యుద్ధాలలో పాల్గొన్నాడు. 1792 నుండి బారామహల్ ప్రాంతంలో అలెగ్జాండర్ రీడ్ వద్ద శిస్తు పాలన నేర్చుకున్నాడు. కత్తి పట్టిన చేత లెక్కల పుస్తకం పట్టిన ఈ మనిషికి పల్లెల అంతరంగం తెలిసింది అక్కడే.

1800లో హైదరాబాదు నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. వీటికే దత్తమండలాలని పేరు వచ్చింది. ఈనాడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతాలు అప్పుడు వీటిలోనివే. మన్రో ఈ మండలాలకు ప్రధాన కలెక్టరుగా నియమితుడై 1807 వరకు పనిచేశాడు. అనంతపురాన్ని ముఖ్యస్థానంగా చేసుకున్నా, ఆయన ఎక్కువ కాలం గడిపింది గుడారాలలోనే. అప్పటికి దాదాపు ఎనభైమంది పాలెగాండ్రు తమ కోటలలో తామే రాజులై ఉండేవారు. మన్రో వారిని కఠినంగా అణచివేశాడు. ఆ కాఠిన్యాన్ని లండనులోని కంపెనీ పెద్దలే ఆక్షేపించారు. పొలాలను కొలిపించి, రైతుతో నేరుగా ఒప్పందం చేసుకొనే రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. నిర్ణయించిన శిస్తు అధికమని గ్రహించి, నూటికి ఇరవైఐదు వంతున తగ్గించాలని 1807లో తానే సిఫారసు చేశాడు.

రైత్వారీ కర్తగా మన్రోను అందరూ ఎరుగుదురు. రక్షకభట వ్యవస్థను గురించి ఆయన చేసిన పని అంతగా ప్రచారంలోకి రాలేదు. పూర్వం రాయలసీమ గ్రామాలలో కాపలా తలారిది. అతనికి కొంత మాన్యం, కళ్లంలో ధాన్యపు మేర ఉండేవి. సొత్తు పోతే జాడ తీయడం అతని విధి. ఎవరు ఎట్టివారో అతనికి తెలుసు. అతడు తప్పు చేస్తే నిలదీయడానికి ఊరంతా ఉన్నది. 1802 శాసనాలు ఈ పద్ధతిని తోసివేసి, జిల్లా న్యాయాధికారి కింద దరోగాలను ప్రవేశపెట్టాయి. దరోగా పరాయి ఊరివాడు. అనుమానం వచ్చిన వానిని పట్టుకొని ఠాణాకు పంపేవాడు. న్యాయస్థానం ఎన్నో ఆమడల దూరం. సాక్షి చెప్పడానికి వెళ్లినవాడు కూడ పనులు మానుకొని రోజుల తరబడి పడిగాపులు కాయవలసి వచ్చేది. కూలి చేసుకొని బ్రతికేవానికి విచారణే శిక్ష అయ్యేది.

మన్రో దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. 1813లో బ్రిటిష్ పార్లమెంటు ముందు సాక్ష్యమిస్తూ, బారామహల్‌లో కంపెనీ సేవకులు ముఖ్యులైన నేతగాండ్రను ఒకచోట చేర్చి, కంపెనీకే వస్త్రాలు ఇస్తామని ఒప్పుకొనేదాకా కావలిలో ఉంచారని వెల్లడించాడు. తాను ఏ కంపెనీ ఉప్పు తింటున్నాడో ఆ కంపెనీ నిర్బంధాన్నే బయటపెట్టడం సామాన్యమైన ధైర్యం కాదు. 1814లో న్యాయ, రక్షక వ్యవస్థలను సంస్కరించే సంఘానికి అధ్యక్షుడై మద్రాసుకు తిరిగి వచ్చాడు. 1816లో వెలువడిన శాసనాలు దరోగాలను తొలగించి, గ్రామపెద్దకు, తలారికి మునుపటి బాధ్యతను అప్పగించాయి. జిల్లాలో రక్షకాధికారం న్యాయమూర్తి నుండి కలెక్టరుకు మారింది.

అయితే ఆ శాసనాలలోనే ఒక మచ్చ ఉన్నది. తిట్లు, చిన్న కొట్లాటల వంటి స్వల్ప నేరాలకు గ్రామపెద్ద నేరస్థుని పన్నెండు గంటలకు మించకుండా చావడిలో నిర్బంధించవచ్చు. నేరం చేసినవాడు నిమ్నకులస్థుడైతే ఆరు గంటల వరకు బొండకొయ్యలో బిగించవచ్చు. నేరం ఒక్కటే, కులాన్ని బట్టి శిక్ష వేరు. గ్రామపెద్ద ఊరివాడు గనుక న్యాయం చేస్తాడని మన్రో నమ్మాడు. ఊరివాడే ఊరిలోని బలవంతుడు కూడ అన్న సంగతికి ఆ శాసనం తగినంత విలువ ఇయ్యలేదు.

1820లో మన్రో మద్రాసు గవర్నరు అయ్యాడు. ప్రజల చదువును గురించి 1822లో సమాచారం సేకరింపజేశాడు. ఉన్నతోద్యోగాలు భారతీయులకు ఇయ్యాలని వాదించాడు. పదవి విడిచి స్వదేశానికి వెళ్లే ముందు దత్తమండలాలను చివరిసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. గుత్తిలో సమాధి చేసిన ఆయన భౌతికకాయాన్ని తరువాత మద్రాసు కోటకు తరలించారు. ఆ నగరంలో ఉన్న ఆయన అశ్వారూఢ విగ్రహానికి రికాబులు లేకపోవడం చూపరులకు నేటికీ ఒక వింత. సీమ పల్లెలలో కొందరు తమ బిడ్డలకు ఆయన పేరు పెట్టుకున్నారు.

శిస్తు వసూలు చేసేవానికే రక్షకాధికారమూ ఇచ్చిన ఫలితం ఆయన మరణానంతరం బయటపడింది. శిస్తు కోసం, నేరం ఒప్పించడం కోసం బంట్రోతులు పేదలను ఎండలో నిలబెట్టడం, తలను కాళ్లకు వంచి కట్టడం, వ్రేళ్లను కొయ్యల నడుమ నొక్కడం వంటి ఘోరాలను 1855లో మద్రాసు ప్రభుత్వ విచారణ సంఘం నమోదు చేసింది. 1859లో చట్టం ద్వారా ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పడింది. బొండకొయ్య నిబంధన మాత్రం ఆ తరువాత కూడ చట్టంలో నిలిచే ఉన్నది.