ఇంజిన్ గురించి ఒక్క ముక్క లేదు.. అయినా వందేళ్లుగా చెప్పుకుంటున్న కారు యాడ్! ఇంతకీ ఎవరీ నెడ్ జోర్డాన్?

కారు యాడ్ అంటే మనకు తెలిసిందే. మైలేజీ ఎంత, ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ఎక్స్ షోరూమ్ ధర ఎంత, చివర్లో కనిపించీ కనిపించని అక్షరాల్లో షరతులు. ఇది ఒక రకం. ఇంకో రకం ఉంది. ఘాట్ రోడ్డు, గాలికి ఎగిరే జుట్టు, సూర్యాస్తమయం, వెనకాల ఓ మ్యూజిక్ బిట్. కారు గురించి ఒక్క వివరం కూడా ఉండదు. కానీ చూశాక ఎక్కడికో వెళ్లిపోవాలనిపిస్తుంది.

ఈ రెండో రకం ఎక్కడ మొదలైందని అడిగితే, అడ్వర్టైజింగ్ పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కువగా చూపించే పేజీ ఒకటుంది. 1923 జూన్‌లో అమెరికాలోని శాటర్డే ఈవెనింగ్ పోస్ట్ అనే వారపత్రికలో వచ్చింది. రాసింది ఏ ఏజెన్సీ కాపీ రైటరో కాదు, ఆ కార్ల కంపెనీ ఓనరే. పేరు ఎడ్వర్డ్ ఎస్. జోర్డాన్. అందరికీ నెడ్ జోర్డాన్‌గానే తెలుసు. క్లాసులో ఆ యాడ్ గురించి చెప్పి ముందుకెళ్లిపోతారు. రాసిన మనిషి చివరికి ఏమయ్యాడు, ఆ కారు ఏమైంది అన్నది మాత్రం పెద్దగా చెప్పరు. నిజానికి అసలు కథంతా అక్కడే ఉంది.

విడిభాగాలు వాళ్లవి.. మాట మాత్రం ఈయనది

జోర్డాన్ 1882లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మెరిల్ అనే ఊళ్లో పుట్టారు. కలప మిల్లుల ఊరు అది. యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్‌లో చదువుకుంటూనే పేపర్లకు వార్తలు రాసి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. అంటే ముందు రిపోర్టర్, ఆ తర్వాతే మిగతావన్నీ. కొన్నాళ్లు నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో చేసి, అక్కడి నుంచి కెనోషాలోని థామస్ బి. జెఫ్రీ కంపెనీకి మారారు. ర్యాంబ్లర్ కార్లు తయారు చేసింది వీళ్లే. అక్కడ యాడ్స్ చూసుకునే బాధ్యత జోర్డాన్‌ది.

ఇక్కడ ఓ మలుపు. ఓనర్ కొడుకు చార్లెస్ జెఫ్రీ 1915లో లూసిటానియా ఓడలో ప్రయాణిస్తుండగా జర్మన్ సబ్‌మెరైన్ దాన్ని ముంచేసింది. దాదాపు 1,200 మంది చనిపోయిన ఆ ఘటనలో ఆయన బతికి బయటపడ్డారు. వ్యాపారం మీద మనసు పోయిందో ఏమో, మరుసటి ఏడాదే కంపెనీని చార్లెస్ నాష్‌కు అమ్మేశారు. అదే 1916లో జోర్డాన్ సొంతంగా క్లీవ్‌ల్యాండ్‌లో జోర్డాన్ మోటార్ కార్ కంపెనీ పెట్టారు.

సొంత కంపెనీ అన్నామే కానీ, ఆయన ఇంజిన్ తయారు చేయలేదు. ఇంజిన్ కాంటినెంటల్ కంపెనీది, యాక్సిల్ టిమ్‌కెన్ వాళ్లది, స్టార్టర్ ఇంకొకరిది. అన్నీ కొని తెచ్చి క్లీవ్‌ల్యాండ్‌లో బిగించేవారు. అప్పట్లో ఇలాంటివాటిని అసెంబుల్డ్ కార్లు అనేవారు, కాస్త చిన్నచూపుతోనే. ఎందుకంటే అవే భాగాలతో అమెరికాలో చాలా కంపెనీలు కార్లు చేసేవి. బానెట్ ఎత్తి చూస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం.

జోర్డాన్ ఇది దాచిపెట్టలేదు. మంచి భాగాలు ఏరి తెచ్చానని చెప్పుకునేవారు. కానీ లోపల తేడా లేనప్పుడు తేడా బయట చూపించాలి కదా.. ఆయన అదే చేశారు. అల్యూమినియం బాడీ పెట్టారు. రంగుల మీద పడ్డారు. హెన్రీ ఫోర్డ్ మోడల్ టీ కార్లు 1914 నుంచి 1925 వరకు ఒక్క నలుపులోనే వస్తున్న రోజులవి. జోర్డాన్ రంగుల కార్డులో ఎరుపే మూడు రకాలు. అపాచీ రెడ్, మెర్సిడెస్ రెడ్, శావేజ్ రెడ్. ఇవి కాక వెనీషియన్ గ్రీన్, ఈజిప్షియన్ బ్రాంజ్, ఓషన్ శాండ్ గ్రే. ఇప్పుడు ఫోన్ కొనేటప్పుడు మనం చూసే మిడ్‌నైట్, టైటానియం లాంటి పేర్లు గుర్తొస్తే తప్పు మీది కాదు.

1919లో ప్లేబాయ్ అనే ఓపెన్ టాప్ కారు తెచ్చారు. (1953లో వచ్చిన మ్యాగజైన్‌తో దీనికి సంబంధం లేదు.) ఐరిష్ రచయిత జె.ఎం. సింగ్ రాసిన ఓ నాటకం టైటిల్‌లోంచి ఈ పేరు తీసుకున్నారని చెబుతారు. ఓ పార్టీలో తనతో డాన్స్ చేసిన యువతి ఆటలు, ఈత, అల్లరి ఇష్టపడే అమ్మాయిల కోసం ఓ కారు చేయొచ్చు కదా అని అడిగిందని, ఆ మాటలోంచే ఈ కారు పుట్టిందని జోర్డాన్ చెప్పేవారు. ఆయన చెప్పే కథలన్నీ ఇలా నీట్‌గానే ఉంటాయి, కొంచెం ఎక్కువే నీట్‌గా. రిపోర్టర్ బుద్ధి పోలేదు మరి.

రైలు కిటికీలోంచి కనిపించిన అమ్మాయి

ఇక అసలు విషయానికి వద్దాం. జోర్డాన్ వ్యోమింగ్ రాష్ట్రం మీదుగా రైల్లో పడమటికి వెళ్తున్నారు. బయట కనుచూపు మేర బీడు నేల తప్ప ఏమీ లేదు. అంతలో ఎండకు కమిలిన ముఖంతో, పొడుగ్గా ఉన్న ఓ అమ్మాయి గుర్రం మీద రైలుతో పోటీగా దూసుకొచ్చింది. కాసేపు పక్కనే పరిగెత్తించి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయింది. మనం ఎక్కడున్నామని జోర్డాన్ తోటి ప్రయాణికుణ్ని అడిగారు. లారమీ దాటాం, పడమటి వైపు ఎక్కడో ఉన్నాం అని ఆయన చెప్పారు.

ఆ జవాబే యాడ్ హెడ్‌లైన్ అయిపోయింది. సమ్‌వేర్ వెస్ట్ ఆఫ్ లారమీ. అప్పటికప్పుడు రైల్లోనే రాసేశారని అంటారు. ఈ కథ కూడా జోర్డాన్ నోటి నుంచి వచ్చిందే కాబట్టి ఎంత నమ్మాలన్నది మీ ఇష్టం.

యాడ్‌లో ఏముందో ఇప్పుడు చూద్దాం. లారమీకి అవతల ఎక్కడో ఓ అమ్మాయి ఉంది, పొగరుబోతు గుర్రాల్ని లొంగదీస్తుంది, కోడెలకు తాడు విసిరి పడుతుంది, నేను దేని గురించి మాట్లాడుతున్నానో ఆమెకు అర్థమవుతుంది అంటూ మొదలవుతుంది. ఈ కారు ఆమె కోసమే చేశాం అంటుంది. ఎండలో ఆడి పాడి అలసిన ముఖం, సగం మచ్చిక సగం అడవితనం, నవ్వు, పాత ప్రేమల తలపు.. ఇలా సాగుతుంది. రోజులు చప్పగా అనిపిస్తే ఇది ఎక్కి వ్యోమింగ్ సంధ్య ఎరుపులోకి వెళ్లిపోండి అన్నట్టుగా ముగుస్తుంది. అంతే. హార్స్‌పవర్ లేదు. సిలిండర్లు ఎన్నో లేదు. గేర్ల మాట లేదు. బరువు సంగతి ఒకచోట వస్తుంది కానీ, అది కూడా గుర్రపు దూకుడు గురించిన పోలికలోనే.

బొమ్మ ఇంకా తమాషాగా ఉంటుంది. ఫ్రెడ్ కోల్ అనే ఆర్టిస్ట్ గీశారు. టోపీ పెట్టుకున్న అమ్మాయి స్టీరింగ్ పట్టుకుని కారు తోలుతోంది. పక్కనే గుర్రం మీద కౌబాయ్ పోటీ పడుతున్నాడు. ఒక్కసారి ఆలోచించండి. రైల్లోంచి చూసిన సీన్‌లో అమ్మాయి గుర్రం మీద ఉంది. బొమ్మలో అమ్మాయి కారెక్కింది, గుర్రం మగాడికి వెళ్లింది. జోర్డాన్ అమ్ముతున్నది గుర్రం కాదు కదా! నిగనిగలాడే కారును పక్క నుంచి నిలబెట్టి చూపించే బొమ్మలు అప్పటికి మామూలే. ఇక్కడ కారు నిలబడలేదు. గీతలన్నీ వేగం చూపించేవే.

అప్పటిదాకా కారు యాడ్స్‌లో మాటల గారడీ లేదని కాదు. 1915 జనవరిలో క్యాడిలాక్ కోసం థియోడర్ మెక్‌మానస్ రాసిన పెనాల్టీ ఆఫ్ లీడర్‌షిప్ యాడ్‌లో కారు ఊసే లేదు. కొత్త వీ8 ఇంజిన్‌కు ఇబ్బందులొచ్చి, పోటీ కంపెనీ వేలెత్తి చూపిస్తున్న టైమ్‌లో ముందున్నవాళ్లకు రాళ్ల దెబ్బలు తప్పవని పెద్దమనిషి తరహాలో రాశారాయన. 1949లో జూలియన్ వాట్కిన్స్ వేసిన వంద గొప్ప యాడ్స్ పుస్తకంలో ఈ రెండూ ఉన్నాయి. కానీ మెక్‌మానస్ కంపెనీ పరువు గురించి రాశారు. జోర్డాన్ స్టీరింగ్ ముందు కూర్చునే మనిషి గురించి రాశారు. అదీ ఓ అమ్మాయి గురించి.

ఇది గాలిలోంచి పుట్టిన ఐడియా కాదు. 1912 క్యాడిలాక్‌తో సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక, ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పే పని తప్పింది. బలం ఉన్నవాళ్లే కారు స్టార్ట్ చేయాలన్న రోజులు పోయాయి. 1920లో అమెరికా అంతటా మహిళలకు ఓటు హక్కు వచ్చింది. యాడ్‌లో ఆ అమ్మాయి ఎవరి అనుమతీ అడగకుండా ఒంటరిగా తోలుకుంటూ పోవడం అప్పటి పాఠకులకు కొత్తగానూ ఉంది, నమ్మేలాగానూ ఉంది. ఇంకో విశేషం ఏంటంటే, లారమీ ఊరికే ఈ విషయంలో ఓ చరిత్ర ఉంది. అమెరికాలో మహిళలకు ఓటు హక్కిచ్చిన మొదటి ప్రాంతం వ్యోమింగ్. 1870లో లూయిసా స్వెయిన్ అనే పెద్దావిడ ఓటు వేసింది లారమీలోనే. జోర్డాన్ యాడ్‌లో ఆ సంగతేమీ లేదు లెండి. ఆయనకు లారమీ అంటే చెవికి ఇంపుగా వినిపించిన ఓ పేరు.

మాటలతో ఎంత దూరం?

యాడ్ వచ్చాక జోర్డాన్ పేరు దేశమంతా పాకింది. అప్పట్లో ఆ వారపత్రిక 20 లక్షల కాపీలకు పైగా అమ్ముడయ్యేది. 5 సెంట్లకే దొరికేది. పేజీ ఒక్కటే, చేరింది మాత్రం ఇంటింటికీ. 1925లో వచ్చిన ది గ్రేట్ గాట్స్‌బీ నవలలో జోర్డాన్ బేకర్ అనే ఓ మోడరన్ అమ్మాయి పాత్ర ఉంటుంది. జోర్డాన్, బేకర్.. రెండూ క్లీవ్‌ల్యాండ్ కార్ల పేర్లే. రచయిత ఫిట్జ్‌గెరాల్డ్ వాటినుంచే ఆ పేరు కట్టారని చాలామంది విమర్శకులు అంటారు.

1920ల మధ్య సంవత్సరాలు కంపెనీకి మంచి రోజులు. కాకపోతే ఆ మంచి రోజుల సైజు కూడా తెలియాలి. ఫోర్డ్ 1923లో 18 లక్షలకు పైగా కార్లు చేసింది. జోర్డాన్ కంపెనీ దాని ముందు చీమంత. 1920ల మధ్యకి మోడల్ టీ 300 డాలర్ల లోపే దొరికేది. జోర్డాన్ కారు దానికి చాలా రెట్లు ఖరీదు. తేడాకు కారణం ఏంటంటే, పైన చెప్పుకున్నట్టు.. రంగు, బాడీ, మాట.

దెబ్బ కొట్టింది ఇంకోటి. యాడ్‌లో అమ్మాయికి గాలి, ఎండ, దుమ్ము అన్నీ కావాలి. కొనేవాళ్లకు అవి అక్కర్లేకపోయాయి. 1919లో అమెరికాలో అమ్ముడైన కార్లలో పైకప్పు, అద్దాలతో మూసి ఉన్నవి పదో వంతే. 1927కి అవి 85 శాతం. వాన పడితే తడవకూడదు, చలికి వణకకూడదు, పిల్లల్ని స్కూల్లో దింపాలి. ప్లేబాయ్ లాంటి ఓపెన్ కారు పోస్టర్‌కు బాగుంటుంది, జనవరిలో క్లీవ్‌ల్యాండ్ రోడ్ల మీద కాదు. జోర్డాన్ మూసిన కార్లూ చేశారు కానీ, అక్కడ ఆయనకు ప్రత్యేకత లేదు. జనరల్ మోటార్స్ లాంటి పెద్ద కంపెనీలు అప్పటికే రంగులు, స్టైలు, ఏటేటా కొత్త మోడల్ అంటూ జోర్డాన్ చేసిన పనే చేస్తున్నాయి. సొంత ఫ్యాక్టరీల్లో, తక్కువ ఖర్చుతో.

1927లో లిటిల్ కస్టమ్ అని చిన్న సైజు లగ్జరీ కారు తెచ్చారు. ఊళ్లలో పార్కింగ్ కష్టాలు చూస్తే ఇవాళ అది తెలివైన ఆలోచనే అనిపిస్తుంది. అప్పటి అమెరికన్లకు మాత్రం అంత డబ్బు పోసి చిన్న కారు ఎందుకు కొనాలో అర్థం కాలేదు. నష్టాలు మొదలయ్యాయి. ఆ దెబ్బ నుంచి కోలుకోకముందే 1929 స్టాక్ మార్కెట్ పతనం వచ్చింది. 1930లో స్పీడ్‌వే పేరుతో ఓ ఖరీదైన సిరీస్ ప్రకటించినా, బయటికొచ్చినవి అతి తక్కువ. 1931లో కంపెనీ మూతపడింది. పదిహేనేళ్ల ప్రయాణం అది.

నా మట్టుకు నాకు ఆ యాడ్ అబద్ధం అనిపించదు, అలాగని పూర్తి నిజం కూడా కాదు. కారులో ఆయన సొంతంగా తయారు చేసిన పార్ట్ అదొక్కటే. అది మాత్రం ఎవరూ కాపీ కొట్టలేనంత బాగా చేశారు. కాకపోతే దాన్ని మోసే బండి మామూలు బండి అయిపోయింది. లారమీ అమ్మాయి ఏ కారు ఎక్కినా అలాగే ఉండేది.

తర్వాత జోర్డాన్ మళ్లీ మొదలుపెట్టిన చోటికే వచ్చారు, రాతలోకి. 1950లలో ఆటోమోటివ్ న్యూస్ అనే ఇండస్ట్రీ పత్రికలో నెడ్ జోర్డాన్ స్పీక్స్ పేరుతో కాలమ్ రాశారు. కార్ల వ్యాపారం తొలి రోజుల ముచ్చట్లు, పెద్ద పెద్ద ఓనర్ల సంగతులు అందులో చెప్పేవారు. అప్పటికి ఆ తరం కంపెనీల్లో చాలావరకు పేర్లు కూడా మిగల్లేదు. 1958 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 76.

ఆ మరుసటి ఏడాదే అమెరికన్ పత్రికల్లో వేరే తరహా కారు యాడ్ మొదలైంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కోసం డోయల్ డేన్ బర్న్‌బాక్ ఏజెన్సీ చేసింది. పేజీ నిండా ఖాళీ, ఓ మూల చిన్న కారు ఫొటో, కింద సూటిగా, కాస్త వెటకారంగా కారు వివరాలు. అమ్మాయి లేదు, గుర్రం లేదు, సంధ్య ఎరుపు లేదు. అమ్ముతున్నది చిన్న కారే, అదీ చిన్నదే అని ఒప్పుకుంటూ. ఇంకో ఏడాది ఉండి ఉంటే జోర్డాన్ తన కాలమ్‌లో దాని గురించి ఏం రాసేవారో!