గురుదక్షిణను శిష్యులకిచ్చిన పంచానన్ మహేశ్వరి

మన దేశంలో కణజాల వర్ధనానికి పునాది వేసినవారిలో ఆచార్య పంచానన్ మహేశ్వరి గారు ముఖ్యులు. బైపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు పిండోత్పత్తి శాస్త్రం పాఠంలో ఆయన పేరు చూసే ఉంటారు. పరీక్షలో రెండు మార్కుల కోసం కాక, ఒక మనిషి జీవితంగా ఆయన్ను తెలుసుకుంటే మనకెంతో ధైర్యం కలుగుతుంది.

మహేశ్వరి గారు 1904 నవంబరు 9న జైపూర్‌లో జన్మించారు. తండ్రి గుమాస్తా. పై చదువులకు అలహాబాద్ వెళ్లినప్పుడు డడ్జన్ అనే అమెరికన్ మిషనరీ అధ్యాపకుడు ఆయనకు వృక్షశాస్త్రంపై మక్కువ కలిగించారు. 1931లో డి.ఎస్సీ. పట్టా అందుకున్నారు. మీ రుణం ఎలా తీర్చుకోనని గురువును అడిగితే, నేను నీకు చేసింది నువ్వు నీ శిష్యులకు చెయ్యమని ఆయన చెప్పారట. ఆ మాటను మహేశ్వరి గారు జీవితాంతం నిలబెట్టుకున్నారు.

ఆగ్రా, ఢాకాలలో పాఠాలు చెప్పి, 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1950లో వెలువడిన ఆయన పిండోత్పత్తి శాస్త్ర గ్రంథం దేశదేశాల విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. ఢిల్లీలో ఆయన, ఆయన శిష్యులు గసగసాల మొక్క అండాలను, పుప్పొడిని పరీక్షనాళికలోనే కలిపి విత్తనాలు పుట్టించారు. ఆ ఫలితం 1962లో ప్రకటించారు. 1964లో అదే విభాగం నుంచి శిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాల నుంచి ఏకస్థితిక పిండాలు సాధించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు.

ఇదంతా మనకెందుకు అనుకోకండి. మనం రోజూ తినే దోసనే తీసుకుందాం. సూక్ష్మజీవులు లేకుండా శుభ్రం చేసిన దోస గింజను సీసాలో మొలకెత్తించి, దాని బీజదళం నుంచి చిన్న ముక్క కోస్తారు. చక్కెర, లవణాలు, విటమిన్లు కలిపిన అగార్ యానకంపై ఆ ముక్కను ఉంచుతారు. సైటోకైనిన్ పాలు ఎక్కువైతే సాధారణంగా చిగుళ్లు వస్తాయి. ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్లు వస్తాయి. వేళ్లూనిన పిలకలను తేమ తగ్గిస్తూ మెల్లగా బయటి గాలికి అలవాటు చేసి, తర్వాత మట్టిలో నాటుతారు. గోరంత ముక్కలో మొత్తం మొక్కయ్యే శక్తి దాగి ఉంది. దానికి కావలసింది సరైన ఆహారం, శుభ్రత, ఓపిక. మనబోటి పిల్లలకు కావలసిందీ దాదాపు అంతే!

బడి పిల్లలను కూడా మహేశ్వరి గారు మరువలేదు. 1964లో ఎన్.సి.ఇ.ఆర్.టి. హయ్యర్ సెకండరీ జీవశాస్త్ర పుస్తకం ఆయన నాయకత్వంలో వెలువడింది. 1965లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. 1966 మే 18న, అరవై ఒక్క ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మెడిసిన్ సీటు రాకపోతే బైపీసీ చదువు వృథా అని మన హాస్టల్లో ఏటా ఎందరో కుంగిపోతున్నారు. ఇంట్లో డిగ్రీ పట్టా తొలిసారి చూసిన మాబోటివాళ్లం చెబుతున్నాం, ఆ దారి మూసుకుపోతే మరో దారి ఉంది. ఇక్కడ చదివి స్థిరపడిన అన్నలూ, అక్కలూ! ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక్క తమ్ముడికో చెల్లెలికో ఫారం నింపడం నేర్పండి, ఒక పాత పుస్తకం ఇవ్వండి. మన గురువుల రుణం తీరే మార్గం అదే.