మొదటి సాలార్‌జంగు: రక్షణ ఖరీదు, రాజ్యం విలువ

చరిత్ర గ్రంథాలలో రాజ్యాల పతనం సాధారణంగా యుద్ధరంగం నుండి ఆరంభమవుతుంది. ఫిరంగులు మ్రోగుతాయి, కోటలు కూలుతాయి, ఒక పతాకం దిగి మరొకటి ఎగురుతుంది. దక్కన్‌లోని అసఫ్‌జాహీ రాజ్యం కథ కొంత వేరు. అది యుద్ధాలలో పోగొట్టుకొన్న నేలకంటె సైన్యపు జీతాల కింద, అప్పుల వడ్డీల కింద, ఒడంబడికల సంతకాల కింద పోగొట్టుకొన్న నేల ఎక్కువ. ఆ నష్టాన్ని కత్తితో గాక జమాఖర్చుల పుస్తకంతో పూడ్చుకోవచ్చునని నమ్మి, ముప్పై సంవత్సరాలు శ్రమించిన రాజనీతిజ్ఞుడు మొదటి సాలార్‌జంగు. ఆయన ఎంతవరకు గెలిచారు, ఎక్కడ ఓడిపోయారు అన్నది నేటి విద్యార్థికి కూడ అవసరమైన పాఠం.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829 జనవరిలో జన్మించారు. నిజాం కొలువులో దివాన్‌గా ప్రసిద్ధి కెక్కిన మీర్ ఆలం ఆయనకు ముత్తాత. తాత మునీర్-ఉల్-ముల్క్, పినతండ్రి సిరాజ్-ఉల్-ముల్క్ కూడ దివాన్‌గిరీ నిర్వహించినవారే. తండ్రి చిన్నతనంలోనే గతించగా పినతండ్రి సంరక్షణలో పెరిగారు. అరబ్బీ, పారసీ విద్యలతోపాటు ఇంగ్లీషు కూడ అభ్యసించారు. యౌవనారంభంలో కొన్ని నెలలపాటు తాలూకాదారుగా పనిచేసి, శిస్తు వసూలు ఎలా జరుగుతుందో, రైతు చెల్లించిన రూపాయి ఖజానాకు చేరే దారిలో ఎన్ని చేతులు మారుతుందో కన్నులారా చూశారు.

ఆయన కార్యదీక్షను గ్రహించాలంటే అంతకు పూర్వపు వంద సంవత్సరాల లెక్క ఒకసారి చూడాలి. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీ పటాలాల జీతాల నిమిత్తం ఆయన వశమయ్యాయి. తరువాత అవి ఇంగ్లీషు వారికి దక్కాయి; వాటికై కంపెనీ నిజాముకు ఏటేటా పేష్కష్ చెల్లించేది. 1800లో, హైదరాబాదులో ఉంచిన సహాయక సైన్యపు ఖర్చుకై కడప, బళ్ళారి మొదలైన మండలాలను నిజాం కంపెనీకి దత్తం చేశారు. నేడు మనం రాయలసీమ అని పిలిచే ప్రాంతానికి దత్తమండలాలన్న పాత పేరు అలా వచ్చింది. అంటే తెలుగుదేశం సర్కారులుగా, సీమగా, తెలంగాణగా విడిపోవటానికి వెనుక ఉన్నది భాషా కాదు, మతమూ కాదు. రక్షణకై చెల్లించవలసిన బిల్లు.

సహాయక సైన్యానికి మండలాలు ఇచ్చిన తరువాత కూడ ఆ బిల్లు ఆగలేదు. రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలంలో ఇంగ్లీషు అధికారుల కింద మరొక సైన్యం రూపొందింది. అదే తరువాత హైదరాబాదు కంటింజెంటు అని ప్రసిద్ధమైంది. శాంతికాలంలో దానిని పోషించాలని ఏ ఒడంబడికలోనూ స్పష్టంగా లేదు. అయినా దానికి ఏటా దాదాపు 40 లక్షల రూపాయలు ఖర్చయ్యేది. జీతాలు ఇవ్వటానికి చందూలాల్ పరిపాలనలో పామర్ కంపెనీ అనే వర్తక సంస్థ నుండి అధిక వడ్డీకి అప్పులు తెచ్చారు. 1823లో ఆ అప్పు తీర్చటానికి ఉత్తర సర్కారుల పేష్కష్ హక్కును శాశ్వతంగా వదులుకొని, కంపెనీ నుండి 1 కోటి 16 లక్షలకు పైగా తీసుకొన్నారు. ఒక అప్పు తీరింది. దానితో ఒక శాశ్వతాదాయం కూడ తీరిపోయింది. జీతాల బకాయి మాత్రం మళ్ళీ పెరగసాగింది. ఈసారి లోటును కంపెనీయే పూడ్చి, దానిని నిజాం పేర అప్పుగా వ్రాసుకొన్నది.

1853 మే 21న ఆ ఖాతా పరిష్కారమైంది. గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒత్తిడికి లొంగి నిజాం నాసిర్-ఉద్-దౌలా బీరారును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివ్ ప్రాంతాన్ని కంటింజెంటు ఖర్చుల కింద ఇంగ్లీషు వారి నిర్వహణకు అప్పగించారు. సంతకమైన కొద్ది రోజులకే దివాన్ సిరాజ్-ఉల్-ముల్క్ మరణించారు. ఆ నెల ముగియక ముందే 24 సంవత్సరాల తురాబ్ అలీ ఖాన్ భుజాలపై దివాన్‌గిరీ భారం పడింది.

ఆయనకు దక్కినది ఖాళీ ఖజానా. సైనిక బృందాల నాయకులైన అరబ్బు జమేదారులు, రోహిల్లా నాయకులు, నగరపు సాహుకారులు తమ బాకీల కింద తాలూకాలను తాకట్టుగా పట్టుకొని, శిస్తు తామే వసూలు చేసుకొంటున్నారు. తాలూకాదారుడంటే ఉద్యోగి కాదు, గుత్తదారు. హెచ్చు పాట పాడినవానికి రైతుల మీద అధికారం దక్కేది. సాలార్‌జంగు మొట్టమొదట విశ్వాసాన్ని సంపాదించారు. తీసుకొన్న అప్పుకు చెప్పిన గడువుకు వడ్డీ చెల్లించటం ఆరంభించారు. పరపతి నిలబడగానే తక్కువ వడ్డీకి ధనం దొరికింది. ఆ ధనంతో తాకట్టు తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించారు. గుత్త పద్ధతి తొలగించి జీతగాళ్ళయిన అధికారులను నియమించారు. నాణెముల గందరగోళాన్ని తొలగించి హాలీ సిక్కాను స్థిరపరచారు. 1865లో జిలాబందీ ద్వారా దివానీ భూములను జిల్లాలుగా విభజించి, ప్రతి జిల్లాకు మాల్, అదాలత్, కొత్వాలీ సిబ్బందిని ఏర్పరచారు. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు మొదలైన శాఖలకు సదర్-ఉల్-మహాంలను నియమించారు. దార్-ఉల్-ఉలూం విద్యాలయం కూడ ఆయన తొలి సంస్కరణలలో ఒకటి. నవాబుల కొలువుగా ఉన్నది ఈ విధంగా ఒక ప్రభుత్వంగా మారసాగింది.

ఈ పని ఇంకా శైశవంలో ఉండగానే 1857 వచ్చింది. అదే సంవత్సరం మే నెలలో నాసిర్-ఉద్-దౌలా గతించి అఫ్జల్-ఉద్-దౌలా గద్దె నెక్కారు. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వాన హైదరాబాదు ప్రజలు కొందరు రెసిడెన్సీపై దాడి చేశారు. దివాన్ ఇంగ్లీషు పక్షాన నిలిచారు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్ చెర నుండి తప్పించుకొని 1859లో హతుడయ్యాడు. మౌల్వీ అండమాను దీవులకు పంపబడ్డాడు. 1859లోనే రెసిడెన్సీ వద్ద సాలార్‌జంగుపైన, రెసిడెంటుపైన హత్యాప్రయత్నం కూడ జరిగింది. ఈ ఘట్టంలో ఆయనను నిందించేవారున్నారు, సమర్థించేవారున్నారు. సికింద్రాబాదు దండు నగరానికి పక్కనే ఉన్నది, ఖజానా తేరుకోలేదు, ఓడితే రాజ్యమే మిగలదన్నది ఆయన అంచనా కావచ్చు. కాని ఆ అంచనాకు మూల్యం చెల్లించినవారు వీథిలో పోరాడినవారు. ఇద్దరినీ స్మరించని చరిత్ర సగం చరిత్రే.

ఆ విధేయతకు ఫలితం 1860 ఒడంబడికలో లభించింది. 50 లక్షల అప్పు రద్దయింది. రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతాలు తిరిగి వచ్చాయి. సురపురం సంస్థానం నిజాముకు చేరింది. బీరారు మాత్రం రాలేదు. ఖర్చులు పోను మిగిలిన సొమ్ము నిజాముకు ఇస్తామన్నారు, కాని లెక్కలు అడిగే హక్కును నిజాం వదులుకోవలసి వచ్చింది. ఈ ఒక్క షరతులో ఎంత అర్థమున్నదో ఆలోచించాలి. భూమి నిజాముది, పరిపాలన మరొకరిది, ఖర్చు ఎంతో నిర్ణయించేది ఆ మరొకరే. మరుసటి ఏడే అమెరికాలో అంతర్యుద్ధం చెలరేగి అక్కడి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయింది. నల్లరేగడి నేలల బీరారు ప్రత్తికి బంగారు ధర పలికింది. ఇనుప దారులు ఆ దిక్కుగా సాగాయి. రక్షణ ఖర్చుకై తాకట్టు పడిన నేల ఇప్పుడు అంతర్జాతీయ వాణిజ్యంలో ఒక ముఖ్యమైన నేల అయింది. ఇక దానిని విడిచిపెట్టటానికి ఎవరికి మనసొప్పుతుంది?

1869లో అఫ్జల్-ఉద్-దౌలా మరణించారు. మూడు సంవత్సరాలైనా నిండని మహబూబ్ అలీ ఖాన్ నిజాం అయ్యారు. అమీర్-ఎ-కబీర్‌తో కలిసి సాలార్‌జంగు రాజప్రతినిధి బాధ్యత వహించారు. ఇప్పుడు ఖజానా నిలదొక్కుకొన్నది. ఆయన బీరారు ప్రశ్నను లేవనెత్తారు. ఆయన వాదం చాల సరళమైనది: బీరారు ఇచ్చింది కంటింజెంటు జీతాలకు పూచీగా, అంతే పూచీ నగదు రూపంలో ఇస్తే భూమి తిరిగి రావాలి. ఆ సైన్యపు ఖర్చుకు వడ్డీ చాలునంత మూలధనాన్ని కట్టటానికి ఆయన సిద్ధపడ్డారు. కలకత్తా నిరాకరించింది, లండను కూడ నిరాకరించింది. బాకీ ఉన్నంత కాలం లెక్కల గురించి మాట్లాడినవారు, ధనం ఎదుట పెట్టగానే ఒడంబడికల పవిత్రత గురించి మాట్లాడారు.

1876లో ఆయన స్వయంగా ఐరోపా ప్రయాణం చేశారు. రోములో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా విగ్రహాన్ని కొన్నారు. అది నేటికీ సాలార్‌జంగు మ్యూజియంలో దర్శకులను ఆకర్షిస్తున్నది. పారిసులో జారిపడి తొడ ఎముక విరిగింది. అయినా లండను చేరారు. విక్టోరియా రాణి దర్శనం లభించింది, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది, విందులు జరిగాయి. బీరారు మాట ఎత్తినప్పుడు మాత్రం అందరూ మౌనం వహించారు. నిజాం మేజరు అయ్యేవరకు ఆ విషయం చర్చించరాదన్నదే చివరకు దొరికిన సమాధానం. ఆయన పట్టుదల పాలకులకు రుచించలేదు. 1877లో ఆయన అభీష్టానికి విరుద్ధంగా రషీద్-ఉద్-దీన్ ఖాన్‌ను సహ ప్రతినిధిగా అంగీకరించవలసి వచ్చింది. సన్మానానికీ సమానత్వానికీ ఉన్న దూరం ఆయనకు అప్పుడు తెలిసివచ్చి ఉండాలి.

అభివృద్ధి విషయంలో కూడ ఇదే చిక్కు. 1874లో వాడీ నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఖర్చు నిజాం రాజ్యానిది. దానితో ధాన్యం కదిలింది, వర్తకం పెరిగింది, నగరం బొంబాయి మద్రాసులకు దగ్గరైంది. కాని సికింద్రాబాదు దండుకు సైన్యాన్ని త్వరగా చేరవేయటం కూడ ఆ దారి పరమార్థాలలో ఒకటి. ఒకే పట్టాలపై అభివృద్ధి, అధికారం రెండూ ప్రయాణించాయి. 1883లో ఆ రైలుమార్గం లండనులో స్థాపితమైన కంపెనీ పరమైంది. వారి పెట్టుబడికి నిజాం ప్రభుత్వం వడ్డీ పూచీ పడింది. ఆ ఏర్పాటును ప్రశ్నించిన విద్యావేత్త అఘోరనాథ చట్టోపాధ్యాయ నగరం నుండి బహిష్కృతులయ్యారు. ఆయనే సరోజినీ నాయుడు తండ్రి. విదేశపు మూలధనం, దేశపు పూచీ, ప్రశ్నించినవానికి శిక్ష — ఈ మూడింటి పొత్తు ఆ నాటితో ముగిసిపోయిందని చెప్పలేము.

సాలార్‌జంగు సంస్కరణలకు కూడ హద్దులున్నాయి. జిలాబందీ దివానీ భూములకే చెల్లింది. జాగీర్లు, సర్ఫెఖాస్ దాని వెలుపల నిలిచాయి. ఆయన కుటుంబమే గొప్ప జాగీర్దారు కుటుంబం. వసూలు అధికారం పోయిన దేశ్‌ముఖులకు, దేశపాండ్యాలకు రుసుములు ఏర్పాటయ్యాయి. కాలక్రమాన సర్వే సెటిల్‌మెంటులలో వారిలో పలువురు విశాలమైన పట్టాభూములు సంపాదించుకొన్నారు. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటానికి మూలాలను వెదకినవారు ఇక్కడికే చేరుకొంటారు. బయటి నుండి వచ్చిన సమర్థులైన ఉద్యోగులు, సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ, మొహ్సిన్-ఉల్-ముల్క్ వంటివారు పరిపాలనకు వన్నె తెచ్చారు. వారి వెంటనే ముల్కీ, గైర్‌ముల్కీ వివాదమూ వేళ్ళూనింది. రాజ్యాన్ని బాగు చేసినవాడు సమాజాన్ని కూడ బాగు చేశాడని అనుకోరాదు.

1883 ఫిబ్రవరి 8న కలరా వ్యాధితో ఆయన హఠాత్తుగా మరణించారు. వయస్సు 54. దాయరా మీర్ మోమిన్‌లో పూర్వుల సమాధుల చెంత ఆయనను ఖననం చేశారు. మరుసటి సంవత్సరం మహబూబ్ అలీ ఖాన్ అధికారం స్వీకరించారు. 1902లో వైస్రాయి కర్జన్ బీరారును ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా వ్రాయించుకొన్నారు. ఆ కాలంలోనే కంటింజెంటు విడి సైన్యంగా ఉండటం మాని ఇండియా సైన్యంలో కలిసిపోయింది. ఏ సైన్యపు ఖర్చు పేర బీరారు పోయిందో ఆ సైన్యం లేకుండా పోయింది. బీరారు మాత్రం తిరిగి రాలేదు.

సాలార్‌జంగు జీవితసారం ఇక్కడ ఉన్నది. ఆయన లెక్కలు సరిచేశారు. లెక్కల వెనుక ఉన్న బలాబలాలను సరిచేయలేకపోయారు. బలవంతుడు బలహీనునికి ఇచ్చే అప్పులో అసలూ వడ్డీలకు తోడు, కాగితంపై కనబడని మూడవ పద్దు ఒకటుంటుంది, అది అధికారం. అసలు చెల్లించవచ్చు, వడ్డీ చెల్లించవచ్చు. ఆ మూడవ పద్దు నగదుతో తీరదు. అయినా ఆయన శ్రమ వ్యర్థమనలేము. ఆయన ఖజానాను నిలబెట్టి ఉండకపోతే బీరారు వెంట మరెన్ని జిల్లాలు పోయి ఉండేవో! ఆయన వేసిన జిల్లాల పునాది 1948 వరకు ఆ రాజ్యాన్ని మోసింది.

ఇరవయ్యవ శతాబ్దిలో ఆసియా, ఆఫ్రికా ఖండాలలో ఎన్నో దేశాలు స్వతంత్రమయ్యాయి. వాటికి కూడ రక్షణ కావాలి, రైళ్ళు కావాలి, అప్పు కావాలి. ఆ దేశాల సంగతి చదివేటప్పుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సైన్యం ఎవరి అధీనంలో ఉన్నది? ఖర్చు ఎవరు నిర్ణయిస్తున్నారు? లెక్క అడిగే హక్కు ఎవరికి మిగిలింది? ఈ ప్రశ్నలకు జవాబులు తెలిస్తే పటంలోని రంగులకంటె ఆ దేశపు స్వాతంత్ర్యం ఎక్కువ స్పష్టంగా తెలుస్తుంది. లెక్క అడిగే హక్కును వదులుకొన్న రోజుననే బీరారు నిజంగా పోయింది. అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, చరిత్ర వేరువేరు గదులలో చదువుకొనే మన విద్యార్థులు, ఆ మూడూ ఒక్కచోట కలిసే సన్నివేశాన్ని చూడదలిస్తే మన నగరపు దివాన్ జీవితం కంటె దగ్గరి ఉదాహరణ వెదకనక్కరలేదు.