సర్ అక్బర్ హైదరీ: అజంతా నుంచి ఆజంజాహి దాకా

గౌడవెల్లి స్టేషను మీదుగా పోయే రైలుదారి మన కండ్లకోయ బడిలో చదివినవాళ్లందరికీ తెలిసిందే. సికింద్రాబాదులో బయలుదేరి మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదు దాటి మన్మాడు చేరే ఈ దారి 1900 ప్రాంతంలో పడింది. అప్పుడది మీటరుగేజి. బండ్లు నడిపింది లండన్ కంపెనీ, వాళ్ల రాబడికి పూచీ పడ్డది నిజాం ప్రభుత్వం. 1930 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఆ రైల్వేను కొనేసింది. అప్పుడు ఖజానా తాళాలు సర్ అక్బర్ హైదరీ చేతిలో ఉన్నాయి. స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని మన సంఘం వారు అడిగితే నాకు ఆయనే గుర్తుకొచ్చారు. ఎందుకో చివర చెబుతాను.

హైదరీ 1869 నవంబరు 8న బొంబాయిలో ఒక సులేమానీ బోరా వ్యాపారి ఇంట పుట్టారు. 1888లో, ఇంకా కుర్రతనంలోనే, బ్రిటిషు ఇండియా ఆర్థికశాఖలో ఉద్యోగంలో చేరారు. 1905లో అకౌంటెంట్ జనరల్‌గా హైదరాబాదు వచ్చారు. మూడేళ్లకు మూసీ వరద ఊరిని ముంచింది. ఆయన భార్య అమీనా గారు బాధితుల కోసం చేసిన సేవకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది.

1911లో ఆయన హోం సెక్రటరీ అయ్యారు. చదువులూ ఆ శాఖ కిందివే. ఉస్మానియా విశ్వవిద్యాలయం కావాలని 1917లో నిజాముకు వెళ్లిన విన్నపపత్రం ఆయనదే. దేశభాషలో పైచదువు చెప్పాలన్నది గొప్ప ఆలోచన. కాని ఎంచుకున్న భాష ఉర్దూ. అన్నిటికంటే ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ గుమ్మంలో బోధనాభాషగా చోటు దొరకలేదు. తెలుగు మాస్టారుగా పనిచేసిన నాకు ఆ లోటు ఎప్పుడూ గుచ్చుకుంటూనే ఉంటుంది.

1914లో హైదరాబాదు రాజ్యానికి పురావస్తుశాఖ ఏర్పడింది. దాని వెనుకా హైదరీ ఉన్నారు. శాఖను గులాం యజ్దానీ చేతికి అప్పగించారు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలోనే ఉండేది. గోడల మీది బొమ్మలు పెచ్చులుగా ఊడిపోతుంటే, ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను పిలిపించారు. 1920 నుంచి 1922 దాకా వాళ్లు ఆ పెచ్చులను గోడకు అతికించి నిలబెట్టారు. ఆ తర్వాత ఒక్కో గుహనూ ఫొటోలు తీయించి, వివరం రాసి, యజ్దానీ నాలుగు భాగాల గ్రంథం తెచ్చారు. మొదటిది 1930లో, చివరిది 1955లో వెలువడ్డాయి. ఆ బొమ్మల్లోని బట్టలు చూడండి. చారల చీరలు, ఇక్కత్‌ను పోలిన నేతలు! ఆ బట్ట ఒక్క పోగు కూడా మిగల్లేదు. అది ఎలా ఉండేదో మాత్రం మనకు తెలుసు.

మన దగ్గరి రామప్పదీ అదే కథ. పాలంపేట గుళ్ల మీద యజ్దానీ పుస్తకం 1922లోనే వచ్చింది. 2021లో యునెస్కో గుర్తింపు రావడానికి తొంభై తొమ్మిదేళ్ల ముందు!

1921లో హైదరీ ఆర్థికశాఖ చేపట్టారు. ప్రతి శాఖకూ కొన్నేళ్లకు సరిపడా ఇంత అని ముందే కేటాయించి, పొదుపు చేసిన సొమ్మును శాఖ దగ్గరే ఉండనిచ్చే పద్ధతి పెట్టారు. 1929లో కోటి రూపాయలతో పారిశ్రామిక నిధి ఏర్పడింది. రాజ్యంలో కొత్త పరిశ్రమలకు పెట్టుబడి దాని నుంచే వెళ్లింది. 1934లో వరంగల్లులో మొదలైన ఆజంజాహి మిల్లు అలాంటిదే. నిజాం పెద్దకొడుకు ఆజం జా పేరు పెట్టారు. పత్తి చుట్టుపక్కల పండేది, కాజీపేట జంక్షను పక్కనే. వేలమంది ఆ మిల్లును నమ్ముకుని బతికారు. సైరన్ మోగితే ఊరంతా టైము చూసుకునేది.

ఆయన చివరి అంకం అంత వెలుగైనది కాదు. రౌండ్ టేబుల్ సమావేశాలకు హైదరాబాదు బృందాన్ని నడిపించిన మనిషి, 1937లో ప్రధాని అయ్యాక 1938లో స్టేట్ కాంగ్రెసును పుట్టకముందే నిషేధించిన ప్రభుత్వానికి పెద్ద. వందేమాతరం పాడిన ఉస్మానియా విద్యార్థులను వెళ్లగొట్టిందీ ఆ ఏడాదే. తాను కోరి తెచ్చిన విశ్వవిద్యాలయంలోనే! అదే మనిషి అరవిందుల మీద భక్తితో పుదుచ్చేరి ఆశ్రమానికి ధనసహాయం చేయించారు. అందుకే అక్కడి వసతి భవనానికి గోల్కొండ పేరు. 1941లో వైస్రాయి మండలిలో చేరి ఢిల్లీ వెళ్లారు. 1942 జనవరిలో కన్నుమూశారు. అస్సాం గవర్నరుగా చేసిన అక్బర్ హైదరీ ఆయన కొడుకు. చాలామంది ఇద్దరినీ ఒకరనుకుంటారు.

ఇక ఆజంజాహి. 1970లలో జాతీయ జౌళి సంస్థ కిందికి వెళ్లింది. నష్టాలు పెరిగాయి, శతాబ్దం ముగిసే వేళకు చక్రాలు ఆగాయి. యంత్రాలు వేలంలో పోయాయి, షెడ్లు కూలాయి, స్థలంలో చాలాభాగం ప్లాట్లయింది. పాలంపేటకు వచ్చినట్టు పురావస్తుశాఖ సంపుటమేదీ ఆ షెడ్లకు రాలేదు. కేంద్ర చట్టం దృష్టిలో పురాతన కట్టడం కావాలంటే వందేళ్లు నిండాలి. మిల్లుకు అంత వయసు రాలేదు.

నిజానికి అది పెద్ద ఖర్చు పని కాదు. షెడ్ల కొలతలు తీయాలి. దూది విప్పే బ్లోరూం నుంచి కార్డింగ్, రింగ్ ఫ్రేములు, గంజి పట్టే సైజింగ్, మగ్గాల సాల దాకా ఏది ఎక్కడుందో పటం గీయాలి. యంత్రాల మీది కంపెనీ రేకులు చదివి రాసుకోవాలి, మస్టరు రోళ్లు దాచాలి. అన్నిటికన్నా ముందు, ఆ మరల దగ్గర నిలబడి చెవులు దిబ్బళ్లు వేసుకున్న కార్మికుల చేత మాట్లాడించాలి. గోడలు పోయినా వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు. ఈ తప్పు నేను హైదరీ మీద వేయను. ఆయన కాలంలో మిల్లు కొత్తది. అజంతాకు ఏం చేయాలో ఆయన చేయించి చూపించారు. చూసీ చేయనిది మన తరం.

జీడిమెట్ల, మేడ్చల్ ఫ్యాక్టరీల్లో జీవితమంతా పనిచేసినవాళ్లు మన సంఘంలోనే బోలెడుమంది ఉన్నారు. మూతబడ్డ మీ ఫ్యాక్టరీ గురించి నాలుగు పేజీలు రాసివ్వండి. నేను దిద్దిపెడతాను. ఇంకో మాట. మన బడి పాత పెంకుల గదులను వేసవి సెలవుల్లో విప్పేస్తారట. ఆ లోపు ఒక ఆదివారం వెళ్లి కొలతలు రాసుకుందామని ఉంది. టేపు నా దగ్గరుంది. రెండో కొస పట్టుకోవడానికి ఎవరైనా రండి.