మిహాయిల్ బాఖ్తిన్ పండితుని చరిత్రము

నవలయందు సంఘస్వరూపమును పరిశీలించిన విద్వాంసులలో మిహాయిల్ బాఖ్తిన్ అగ్రగణ్యుఁడు. ఈయన 1895వ సంవత్సరమున రష్యాదేశమందలి ఓర్యోల్ నగరమున జన్మించెను. 1929లో దొస్తొయేవ్‌స్కీ నవలలపై నొక గ్రంథమును ప్రకటించెను. అందలి పాత్రలు రచయిత యాడించు బొమ్మలు కావనియు, ప్రతి పాత్రకును స్వతంత్రమైన వాక్కు కలదనియు, ఇతరులతోడి సంభాషణముచేతనే మనుష్యుఁడు తన్ను తా నెఱుఁగుననియు వివరించెను.

ఆ కాలముననే ప్రభుత్వము నిర్బంధించి, 1930లో కజకస్థానమందలి కుస్తనాయికి ప్రవాసము పంపెను. అచట పద్దులు వ్రాయు గుమాస్తాగా జీవించుచునే, వేర్వేఱు వర్గముల, వృత్తుల, తరముల భాషలు నవలలో నెదురెదురుగా నిలుచు విధమును గూర్చి వ్రాసెను. 1938లో వ్యాధివలనఁ గాలు తీసివేయవలసి వచ్చినను వ్రాఁత మానలేదు. ఫ్రెంచి రచయిత రబలేపై వ్రాసిన సిద్ధాంతగ్రంథమును 1946లో మాస్కోలో సమర్థించుకొనెను. కాని డాక్టరు పట్టము నిరాకరింపఁబడి, దానికంటెఁ దక్కువది లభించెను.

1945 నుండి 1961 వఱకు సరాన్‌స్క్ పట్టణమున సాహిత్యోపాధ్యాయుఁడుగా మఱుఁగున నుండెను. యువపండితులు కొందఱు వెదకికొని వచ్చి ప్రోత్సహింపఁగా, 1963లో దొస్తొయేవ్‌స్కీ గ్రంథము సవరణలతో మరల వెలువడెను. 1965లో రబలే గ్రంథము ముద్రితమయ్యెను. 1975లో మాస్కోలో పరమపదించెను.

మాఱుమూల పాఠములు చెప్పుకొను పండితుని వెదకి యాదరించుటయు విద్యాదానమే యని పోషకమహాశయులు గ్రహింతురు గాక.