బువ్వన్న గారి అమ్మాయి: డొక్కా సీతమ్మ

మీ అబ్బాయో అమ్మాయో ప్రభుత్వ బడిలోగాని, ప్రభుత్వ సాయం పొందే బడిలోగాని చదువుతున్నట్లయితే డొక్కా సీతమ్మ అనే పేరు మీ చెవిన పడే ఉంటుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్యాహ్న బడి భోజనానికి ఆమె పేరు పెట్టింది. గోదావరి జిల్లాల నుంచి వచ్చి విశాఖలో స్థిరపడినవారికి ఆమె ఎవరో వేరే చెప్పనక్కరలేదు. పోర్టు పనికో, స్టీలుప్లాంటు పనికో శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలకు మాత్రం అది బడి గోడ మీద రాసిన పేరు, అంతే. ఈ వారం ఆ పేరు వెనుక ఉన్న మనిషిని పరిచయం చేసుకుందాం. ఆమెను గురించి చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన విచారణల్లోనే కొందరు తల్లులు, తండ్రులు బడిలో పెట్టే అన్నం తినవద్దని పిల్లలకు చెప్పి పంపుతున్నారు. అది దిక్కులేనివాళ్ల అన్నమని, తింటే నలుగురిలో చులకన అవుతామని వారి అనుమానం. పొద్దున ఏమీ తినకుండా వెళ్లిన పిల్ల మధ్యాహ్నం కూడా తినకపోతే సాయంత్రం వరకు దాని గతి ఏమిటో ఆలోచించండి.

సీతమ్మ 1841లో తూర్పు గోదావరి ప్రాంతంలోని మండపేటలో పుట్టింది. తండ్రి అనుపిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. భవానీశంకరం గారిని ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదట. ఆకలితో వచ్చినవారికల్లా బువ్వ పెట్టేవాడు కాబట్టి బువ్వన్న అనేవారు. ఆ ఇంట పెరిగిన పిల్లకు అన్నం పెట్టడం ఒకరు నేర్పవలసిన పని కాలేదు. బడి చదువు మాత్రం ఆమెకు లేదు. ఆ కాలంలో ఆడపిల్లను బడికి పంపేవారెవరు? బడి ముఖం చూడని ఆ ఇల్లాలి పేరు ఇవాళ వేలాది బడుల్లో వినబడుతున్నది.

ఆమె పెళ్లి కూడా ఒక పూట భోజనంతోనే ముడిపడిందని చెబుతారు. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న వేదం చదివినవాడు, భూవసతి గలవాడు. ఏదో పండిత సభకు వెళ్లి తిరిగి వస్తూ మిట్టమధ్యాహ్నం మండపేట చేరేసరికి ఆకలి వేసింది. ఊళ్లోవాళ్లు బువ్వన్న గారి ఇల్లు చూపించారు. అక్కడ ఆ అమ్మాయి వడ్డించిన తీరు, విసుగులేని ముఖం చూసి, ఈమె అయితే తన ఇంటికి తగునని అనుకున్నాడట. అలా సీతమ్మ గన్నవరం కోడలయింది.

గన్నవరం ఎక్కడుందో తెలిస్తేగాని ఆమె చేసిన పని బరువు తెలియదు. గోదావరి సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలుతుంది. వాటిలో వైనతేయ అనే పాయ పక్కన ఈ ఊరు. చుట్టూ లంకలు. ఒక లంక నుంచి ఇంకో లంకకు పడవే దిక్కు. ఏటికి వరద వస్తే పడవ కూడా ఉండదు. పెళ్లిళ్లకు, తీర్థాలకు, కోర్టు పనులకు బయలుదేరినవారు రేవు దగ్గర గంటలకొద్దీ, ఒక్కొక్కసారి రాత్రంతా పడి ఉండవలసిందే. ఆ రోజుల్లో ఆ దారిలో డబ్బిస్తే మాత్రం అన్నం ఎక్కడ దొరుకుతుంది? రేవు దాటినవాళ్లకు, దాటబోయేవాళ్లకు ఉన్న ఒకే ఆశ జోగన్న గారి ఇల్లు. వచ్చినవారి కులం ఏమిటని సీతమ్మ అడగలేదని, వేళ కాని వేళ అని తలుపు వేయలేదని కోనసీమ వారంతా చెప్పే మాట. అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి వెలిగేది. బ్రాహ్మణ కుటుంబం, పందొమ్మిదో శతాబ్దం, పల్లెటూరు. ఈ మూడూ తలచుకుంటే అది మామూలు మాట కాదు.

వంట చేసే ఆడవారికి ఇందులోని కష్టం నేను చెప్పాలా? పదిమందికి వండిన తరువాత మరో ఇరవైమంది వస్తారు. కట్టెలు తడిసి ఉంటాయి. బియ్యం దంచాలి, పప్పు ఉడకాలి, పెరుగు తోడుకోవాలి. లంక భూముల్లో కూరగాయలు, అరటి, కొబ్బరి బాగా పండుతాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. తరువాత డెల్టాలో వరి విస్తారంగా పండింది. ఉన్న పంటను అమ్మి మేడలు కట్టినవారు చాలామంది. జోగన్న దంపతుల పంటలో ఎక్కువ భాగం విస్తళ్లలోకే వెళ్లింది. 1876 నుంచి 1878 వరకు ధాత కరవు మద్రాసు రాజధానిని పీడించింది. అన్నం అనే మాటకు ఎంత విలువ ఉందో ఆ తరం వారికి ఎవరూ బోధించనక్కరలేదు.

ఆమె గురించి చెప్పే కథల్లో నాకు అన్నిటికంటె నచ్చినది అంతర్వేది ప్రయాణం. ఎన్నో ఏళ్లుగా అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఆమె కోరిక. ఇంటికి అతిథి రాని రోజు ఉండదు, ప్రయాణం వాయిదా పడుతూనే ఉంటుంది. చివరికి ఒకసారి బయలుదేరింది. దారిలో ఆగిన చోట ఒక గుంపు కనిపించింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఇంకాస్త దూరం నడిస్తే గన్నవరం వస్తుందని, సీతమ్మ గారి ఇంట కడుపునిండా తినవచ్చని పెద్దవాళ్లు వాళ్లను ఊరడిస్తున్నారు. పక్కనే ఉన్నది ఆ సీతమ్మే అని వాళ్లకు తెలియదు. ఆమె ఇంకొక్క అడుగు ముందుకు వేయలేదు. వెనక్కి తిప్పించి, ఆ గుంపుకంటె ముందే ఇల్లు చేరి, వాళ్లు వచ్చేసరికి వంట సిద్ధం చేసింది. స్వామి దర్శనం మాట ఆ రోజుకు అక్కడితో సరి. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం దయాకార్యాలలో మొదటిదని సత్యోపదేశంలో నేర్చుకున్న మనకు ఈ కథ అర్థం కావడం కష్టమేమీ కాదు.

ఆమె పేరు దొరల దాకా వెళ్లింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. దానికి ఆమెను పిలిచారని, పేరుకోసం చేస్తున్న పని కాదని ఆమె రానన్నదని, అధికారులు ఎంతో బతిమాలి ఫొటో ఒకటి తీయించుకుని పంపారని, వేడుకలో ఆ ఫొటోను కుర్చీలో పెట్టి గౌరవించారని చెప్పుకుంటారు. ఆ మాటకొస్తే ఆమె దర్బారుకు వెళితే గన్నవరంలో ఆ రోజుల్లో వండేదెవరు? నాకైతే ఆ ఒక్క కారణం చాలుననిపిస్తుంది. 1909లో ఆమె కన్నుమూసింది. కాశీ, రామేశ్వరం వంటి దూర యాత్రలు చేసిన మనిషి కాదు. పి. గన్నవరంలో ఏటి మీద కాలువ నీటిని దాటించే కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. పక్కనే 1850లలో కట్టిన పాతది కూడా ఉంది. అటు వెళ్లినప్పుడు రెండూ చూడండి.

ఇప్పుడు బడి అన్నం సంగతి. సీతమ్మ గారు పెట్టిన అన్నానికీ, ఇప్పుడు ఆమె పేరుతో పెడుతున్న అన్నానికీ ఒక పెద్ద తేడా ఉంది. ఆమెది దానం. ఇది పిల్లవాడి హక్కు. ఈ సంగతి తెలియకనే చాలామంది చిన్నతనంగా భావిస్తున్నారు.

మన విశాఖ కూడా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలోనే, 1920లలో, మద్రాసు నగర కార్పొరేషన్ తన బడుల్లో కొన్నిటిలో పేద పిల్లలకు భోజనం మొదలుపెట్టింది. 1956లో కామరాజు తమిళనాట దానిని విస్తరింపజేశారు. 1995 ఆగస్టు 15న దేశమంతటికీ జాతీయ పథకం వచ్చింది. చాలాచోట్ల మొదట్లో వండి పెట్టేవారు కాదు. హాజరు సరిగా ఉన్న పిల్లకు నెలకు మూడు కిలోల గింజలు ఇచ్చేవారు. ఆ గింజలు ఇంటికి చేరితే ఇంటిల్లిపాదీ పంచుకునేవారు, పిల్ల కంచంలోకి వచ్చేది గుప్పెడు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి అలా పెడుతున్నారు. 2013లో వచ్చిన ఆహార భద్రతా చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు దీనిని హక్కు చేసింది. మన రాష్ట్రంలో పదో తరగతి వరకూ పెడుతున్నారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీలకు కూడా ఇచ్చారు.

ఎంత పెట్టాలో కూడా లెక్క ఉంది. ఐదో తరగతి లోపు పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. చిన్నవారికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, పెద్దవారికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నియమం. దీనికి తోడు మన రాష్ట్రంలో వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు వేరుసెనగ చిక్కీ, రాగిజావ కలిపారు. ఒక్క గుడ్డులోనే ఇంచుమించు ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఐదుగురున్న ఇంట్లో రోజూ ప్రతి పిల్లకూ గుడ్డు పెట్టగలుగుతున్నామా? నిజం చెప్పుకుందాం.

ఈ అవసరం ఎంత ఉందంటే, 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. నూటికి 63 మందికి రక్తహీనత. ఆ పిల్లలే తరువాత బడికి వస్తున్నారు. విశాఖలో కష్టం ఇంకో రకం. చేపలరేవు పనికి తెల్లవారకముందే తల్లి వెళ్లిపోతుంది. గాజువాక, మల్కాపురం వైపు కాంట్రాక్టు కూలీకి తండ్రి మొదటి షిఫ్టుకు పోతాడు. పిల్ల లేచేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. ఒక బన్నుముక్కా టీ నీళ్లతో బడికి పోతుంది. పాఠం ఎక్కకపోతే మొద్దు అని తిడతాం. కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉందా, తొందరగా అలసిపోతోందా, ఏడాదిగా గౌను పొట్టి కాకుండా అలాగే సరిపోతోందా, ఇవి చూడండి. అనుమానముంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర, నులిపురుగుల మాత్ర వద్దనవద్దు. ఐరన్ మాత్ర అన్నం తిన్న తరువాత వేసుకోవాలి.

తపస్సు కాలంలో గుడ్డు తినవద్దని చిన్నపిల్లలకు చెప్పే ఇళ్లు మనలో ఉన్నాయి. మాంసం మానే నియమం పద్నాలుగేళ్లు నిండినవారికే వర్తిస్తుంది, అందులో గుడ్డు లేనే లేదు. ఉపవాసం పద్దెనిమిదేళ్లు నిండినవారికి. ఎదిగే పిల్లను ఆకలితో ఉంచమని తిరుసభ ఎన్నడూ అడగలేదు. సందేహముంటే మీ విచారణ గురువులను అడగండి.

బడి అన్నంలో లోపాలు లేవని కాదు. నీళ్ల చారు, ఉడకని పప్పు, లెక్కకు తక్కువ గుడ్లు, ఇవన్నీ అక్కడక్కడ ఉన్నవే. అందుకని పిల్లను మానిపించడం మందు కాదు. ఉపాధ్యాయులు ముందు రుచి చూసి తరువాత వడ్డించాలని నియమం. వెళ్లి చూసే హక్కు మీకుంది. ఒకరోజు మధ్యాహ్నం వెళ్లండి, వంట చేసే అమ్మలతో మంచిగా మాట్లాడండి. వాళ్లకు వచ్చేది తక్కువ జీతం, అదీ ఆలస్యంగా వస్తుంది. తల్లిదండ్రుల కమిటీలో మాట్లాడితే ప్రధానోపాధ్యాయులు వింటారు. పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టినట్లు కనబడితే ఊరుకోవద్దు. సీతమ్మ గారి పేరు పెట్టిన చోట అది మరీ సిగ్గుచేటు.

ప్రైవేటు బడికి ఫీజు కట్టి పంపేవారికి ఈ భోజనం రాదు. బాక్సులో ఏం పెడుతున్నారో వారే చూసుకోవాలి. బడి అన్నం తినే పిల్లలకైనా ఆదివారాలు, పండుగలు, వేసవి సెలవులు మన బాధ్యతే. సెలవుల్లో పొద్దున్నే రాగిజావ కాచి ఉంచితే తల్లి పనికి వెళ్లినా పిల్ల తాగుతుంది. పప్పులో మునగాకు వేయండి. వేయించిన వేరుసెనగకు బెల్లం కలిపి ఉండలు చేస్తే వారం నిలవ ఉంటాయి. రేవు ఉన్న ఊళ్లో నెత్తళ్లు కొనుక్కోవడం భారం కాదు. ముల్లుతో సహా నమిలి తినే చేప కాబట్టి పిల్లల ఎముకలకు మంచిది. ఎండు నెత్తళ్లయితే వేడినీళ్లలో రెండుసార్లు కడిగి, ఉప్పు పోయాక, వంకాయతో కలిపి వండండి.