స్వప్నంలోనూ స్మృతి: ఆచార్య నారోపా జీవితం

పాల రాజుల కాలపు మహావిహారాల చరిత్రలో నారోపా పేరు రెండు విధాలుగా వినిపిస్తుంది. వాదంలో ఎదురులేని ద్వారపండితుడిగా ఒకసారి, ఆ పదవిని విడిచి వెళ్లిపోయిన అన్వేషకుడిగా మరొకసారి. సంస్కృత గ్రంథాలు ఆయనను నాడపాదుడంటాయి. టిబెట్టులోని కగ్యు సంప్రదాయం ఆయనను తిలోపా శిష్యుడిగా, మార్పా గురువుగా, తన మూలపురుషులలో ఒకరిగా కొలుస్తుంది. మన బౌద్ధ సంఘాలలో మాత్రం ఆయన ఊసు తక్కువే. తంత్రం అన్న మాట వినగానే ముఖం తిప్పుకోవడం మనకు అలవాటయింది. పతనకాలపు బౌద్ధమన్న ఒక్క మాటతో కొన్ని శతాబ్దాల చరిత్రను పక్కకు నెట్టేస్తున్నాము. నారోపా విషయంలో ఇది నష్టమని నా అభిప్రాయం. ఆయన పేరుతో నిలిచిన ఆరు ధర్మాలలో స్వప్నయోగం ఒకటి. దానిని విప్పి చూస్తే మాయమంత్రాల కంటే బుద్ధుడు బోధించిన స్మృతి సాధనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆయన కాలం గురించి ముందుగా ఒక మాట. టిబెట్టు జీవితచరిత్ర ఒకటి ఆయన 1016లో పుట్టి 1100లో మరణించాడంటుంది. అయితే 1040లో విక్రమశిల నుంచి బయలుదేరి 1042లో పశ్చిమ టిబెట్టు చేరిన అతీశ దీపంకరుడు నారోపా ధాతువులను వెంట తీసుకుపోయాడన్న సంప్రదాయం కూడా ఉంది. రెండూ ఒకేసారి నిజం కాలేవు. అందుకే పలువురు చరిత్రకారులు ఆయన జీవితాన్ని ఆరు దశాబ్దాలు వెనక్కు జరిపి 956-1040గా లెక్కిస్తారు. నాకు ఈ లెక్కే సబబుగా తోస్తుంది.

జీవితచరిత్రలు ఆయన పోయిన చాలా కాలానికి, భక్తులు రాసినవి. వాటిలో ఎక్కువ ప్రచారం పొందినదాని ప్రకారం ఆయన వంగదేశపు రాజకుటుంబంలో పుట్టాడు. కొన్ని సంప్రదాయాలు కాశ్మీరమంటాయి. తల్లిదండ్రుల ఒత్తిడికి లోబడి విమల అనే యువతిని వివాహమాడాడు. ఎనిమిదేళ్ల తరువాత ఇద్దరూ ఒప్పుకొని విడిపోయారు. భిక్షువై, అభయకీర్తి అన్న పేరుతో శాస్త్రాలన్నీ చదివి, ఉత్తర ద్వారానికి పండితుడయ్యాడు. అది నలందా అని కొందరు, విక్రమశిల అని మరికొందరు రాశారు. ద్వారపండితుడంటే కావలివాడు కాదు. విహారానికి వాదం కోరి వచ్చేవారిని ఎదుర్కొనే ఆచార్యుడు. గ్రంథమంతా నాలుక మీద ఉంటే తప్ప ఆ స్థానంలో ఒక్కరోజు నిలవడం కష్టం.

అటువంటి పండితుడు ఒకనాడు సూర్యునికి వీపు పెట్టి వ్యాకరణ, తర్కశాస్త్రాలు చదువుకుంటుండగా పుస్తకం మీద ఒక నీడ పడింది. తిరిగి చూస్తే ఒక వికృతాకారపు ముసలమ్మ. చదువుతున్నదానిలో మాటలు తెలుసా, అర్థం తెలుసా అని ఆమె అడిగింది. మాటలు తెలుసునన్నాడు. ఆమె సంతోషం పట్టలేక నాట్యమాడింది. మరింత సంతోషపెడదామని, అర్థం కూడా తెలుసునన్నాడు. ఆమె ఏడ్వసాగింది. మొదటిది నిజమనీ, రెండవది అబద్ధమనీ, అర్థం తెలిసినవాడు తన సోదరుడు తిలోపా అనీ చెప్పి మాయమైంది. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడల్లా విద్యార్థులు నవ్వుతారు. కంఠస్థం మీద నడిచే చదువు వారికి కొత్త కాదు కదా.

సహాచార్యులు వారించినా వినక నారోపా తూర్పుదిక్కుగా బయలుదేరాడు. ఈ అన్వేషణ ఘట్టం మీద కాస్త నిలవాలి. దారికి అడ్డంగా పడి ఉన్న ఒక కుష్ఠురోగి స్త్రీ కనిపిస్తుంది. ఆమె మీదుగా దూకి వెళతాడు. పురుగులు పట్టిన కుక్క కనిపిస్తుంది. ముక్కు మూసుకొని దాటుకుపోతాడు. ఇలా ఒకదాని తరువాత ఒకటిగా వింత దృశ్యాలు ఎదురవుతాయి. ప్రతిసారీ దృశ్యం మాయమైన తరువాతనే, తాను వెతుకుతున్న గురువు అదేనని ఆయనకు తెలుస్తుంది. ఈసారి పొరబడకూడదని గట్టిగా అనుకుంటాడు. తరువాతి దృశ్యం రాగానే ఆ అనుకున్నది కాస్తా మరచిపోతాడు.

ఇది మన కలల తీరు కాదా? ఏనుగు ఎగిరినా, మరణించిన తండ్రి పక్కన కూర్చొని భోజనం చేస్తున్నా, కలలో ఉన్నంతసేపూ అది మనకు విడ్డూరంగా తోచదు. మెలకువ వచ్చాకే కల అని గ్రహిస్తాము. నారోపాకు లోపించింది ధారణ కాదు. నలందా గ్రంథాలన్నీ ఆయన జ్ఞాపకంలో భద్రంగా ఉన్నాయి. లోపించింది సమయానికి గుర్తుకు రావడం. పాళీలో సతి, సంస్కృతంలో స్మృతి అన్న మాటకు జ్ఞాపకమని, ఎరుక అని రెండర్థాలు ఎందుకున్నాయో ఈ కథ చదివితే తెలుస్తుంది.

చివరకు దొరికిన తిలోపా నువ్వులు దంచి నూనె తీసి బ్రతికినవాడని ప్రతీతి. ఆయన శిష్యుడిని పన్నెండు మహాకష్టాల పాలు చేశాడంటారు. ఆలయ శిఖరం నుంచి దూకించడం, మంటలో పడవేయడం, జలగల మడుగులో నిలబెట్టడం వంటివి. వీటిని అక్షరాలా నమ్మవలసిన పని లేదు. గురువు పేరుతో శిష్యుడిని హింసించడానికి వీటిని ప్రమాణంగా చూపేవారు ఉంటే వారికి దూరంగా ఉండడమే మేలు.

ఆ శిష్యరికం ఫలమే ఆరు ధర్మాలు: అంతరాగ్ని, మాయాదేహం, స్వప్నం, ప్రభాస్వరం, అంతరాభవం, సంక్రాంతి. వీటిలో స్వప్నసాధన పగటిపూటనే మొదలవుతుంది. చూసేది, వినేది, తినేది అంతా కలవంటిదని సాధకుడు రోజంతా పదేపదే తలచుకోవాలి. రాత్రి కుడిపక్కకు ఒరిగి పడుకొని, కంఠస్థానంలో మనసు నిలిపి, కలను కలగా గుర్తిస్తానని గట్టిగా సంకల్పించాలి. నిద్ర తేలికపడే తెల్లవారుజాము ఇందుకు అనువైన వేళ. గుర్తించగలిగినవాడు ఆ తరువాత కలలోని నిప్పును నీరుగా, చిన్నదానిని పెద్దదిగా, ఒకదానిని పలువుగా మార్చడం అభ్యసిస్తాడు. భయపెట్టే ప్రవాహంలోకి నిర్భయంగా దిగుతాడు. ఈ ఆటంతా గారడీ కోసం కాదు. మార్చితే మారిపోయేదానికి స్వభావం లేదని అనుభవంలో తెలియడానికి.

సాధన చెదిరిపోయే తీరులను కూడా గ్రంథాలు పేర్కొన్నాయి. గుర్తించిన ఉత్సాహంలో మెలకువ రావడం ఒకటి. గుర్తించి కూడా మరుక్షణం మరచి, మళ్లీ కలలో కొట్టుకుపోవడం ఇంకొకటి. అనుభవం లేనివారు రెండవదానిని ఊహించి రాయలేరు.

ఇదంతా ప్రాచీన బౌద్ధానికి పరాయిది కాదు. స్మృతి తప్పి నిద్రపోయేవాడికి చెడ్డ కలలు వస్తాయని వినయపిటకం హెచ్చరించింది. కుడిపక్కకు పడుకోవడం బుద్ధుని సింహశయ్యే. విశుద్ధిమార్గంలో బుద్ధఘోషుడు జ్ఞాపకాన్ని సాగదీసే పద్ధతి చెప్పాడు. ఇప్పుడు కూర్చున్న క్షణంతో మొదలుపెట్టి, అంతకు ముందు ఆసనం పరచడం, అంతకు ముందు గదిలోకి రావడం, ఇలా రోజంతా వెనక్కు నడవాలి. మెలకువ రాగానే కదలకుండా పడుకొని, కల చివరి తునక పట్టుకొని వెనక్కు వెళ్లి చూసినవారికి ఈ పద్ధతి విలువ తెలుస్తుంది.

కలలో ఎరుక అసాధ్యమని చాలాకాలం వాదించిన వైజ్ఞానికులు 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగంతో ఆలోచనలో పడ్డారు. నిద్రిస్తున్న వ్యక్తి ముందుగా అనుకున్న ప్రకారం కళ్లు కదిపి కలలోనుంచి సంకేతమిచ్చాడు. తరువాత అమెరికాలో స్టీఫెన్ లబెర్జ్ రూపొందించిన పద్ధతి పూర్తిగా జ్ఞాపకం మీద ఆధారపడింది. కల నుంచి మేలుకోగానే దానిని నెమరువేసుకొని, ఈసారి కల వస్తే కల అని గుర్తు తెచ్చుకుంటానని సంకల్పించి తిరిగి నిద్రపోవడమే దాని సారం. నారోపా సంప్రదాయం కోరేది దీనితో ఆగదు. కానీ మొదటి మెట్టు ఒకటే.

నారోపా రాసిన సేకోద్దేశటీక కాలచక్ర తంత్రానికి చెందినది. మారియో కరెల్లి పరిష్కరించగా 1941లో బరోడాలో అచ్చయింది. మంత్రనయానికి జన్మస్థానంగా అందులో పేర్కొన్న శ్రీధాన్యం మన ధాన్యకటకమే, నేటి అమరావతి. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు కృష్ణాతీరానికి చేరిన టిబెట్టువారిలో ఈ పేరు ఎరుగనివారు అరుదు. మనవారిలో ఎరిగినవారు అరుదు.

చివరి సంవత్సరాలు ఆయన పుల్లహరిలో గడిపాడు. బోధన మానివేశాడని, దర్శనానికి వచ్చినవారితో మాట్లాడడం కూడా తగ్గించాడని చెబుతారు. మార్పా ఆయన వద్ద నేరుగా ఎంతకాలం నేర్చుకున్నాడన్నది వివాదాస్పదమే. కగ్యు కథనం ప్రకారం మార్పా ఏళ్ల తరబడి నేర్చుకొని, వ్రాతప్రతులు మూటగట్టుకొని స్వదేశానికి తిరుగుముఖం పట్టాడు. తోటి ప్రయాణికుడైన అనువాదకుడొకడు అసూయతో ఆ మూటను గంగలో పారవేయించాడు. మార్పా మొదట కుప్పకూలిపోయాడు. తరువాత, ఆ పుస్తకాలలో ఉన్నదంతా తనకు గుర్తున్నదా లేదా అని చూసుకొని, పడవ దిగి ఉత్తరానికి నడిచాడు.